మార్క్ బ్లిట్సావ్స్ అసలు ఏ స్థానం ఆటగాడు? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. జీలాంగ్ జట్టులో మార్క్ బ్లిట్సావ్స్‌ని ఒకచోట రక్‌మన్ అంటారు, ఒకచోట డిఫెండర్ అంటారు, ఇంకోచోట మిడ్‌ఫీల్డర్ అంటారు. ఏది నిజం?

మూడూ నిజమే. 198 సెంటీమీటర్ల ఈ మనిషి 2013లో ఏఎఫ్ఎల్‌లో, అంటే ఈ ఆటకు ఆస్ట్రేలియాలో ఉన్న అత్యున్నత లీగ్‌లో అడుగుపెట్టాడు. మొదట్లో ఇచ్చిన పనులు రెండు. ఒకటి, రక్‌లో, అంటే అంపైర్ బంతిని గాల్లోకి లేపినప్పుడు ఎగిరి దాన్ని తనవాళ్ళ వైపు తోసే పోటీలో, సాయం. రెండోది, అవతలి జట్టు మేటి మిడ్‌ఫీల్డర్‌ని నీడలా అంటిపెట్టుకుని తిరగడం, అంటే ట్యాగింగ్. 2015 నాటికి ఎక్కువగా మిడ్‌ఫీల్డ్‌లో కనిపించాడు. ఆ ఏడాది జట్టులో ఉత్తమ ఆటగాడికిచ్చే కార్జీ గ్రీవ్స్ మెడల్ అతనికే వచ్చింది. తర్వాత కోచ్ క్రిస్ స్కాట్ అతన్ని వెనక్కి పంపి అవతలి జట్టు పొడుగాటి ఫార్వర్డ్‌లను కాచే బాధ్యత అప్పజెప్పాడు. 2018లో ఆ పనిలోనూ అదే మెడల్ గెలిచాడు. 2022లో మళ్ళీ రక్‌కీ మిడ్‌ఫీల్డ్‌కీ మధ్య తిరుగుతూ ఆడాడు. ఆ సెప్టెంబరులో ఎంసీజీలో జరిగిన గ్రాండ్ ఫైనల్లో జీలాంగ్ సిడ్నీని 133–52తో చిత్తు చేసింది. ఆ జట్టులో అతనూ ఉన్నాడు. 250 మ్యాచ్‌లు ఎప్పుడో దాటేశాడు.

అన్నిట్లో వేలుపెట్టేవాడికి ఏదీ పూర్తిగా రాదంటారు కదా. ఇతని విషయంలో ఆ మాట తిరగబడింది. ఏ పని ఇచ్చినా అందులో పరుగు, ఎగురు, అడ్డుకోవడం ఎక్కువ ఉండేలా, సొగసైన కిక్ అవసరం తక్కువ పడేలా కోచ్ చూసుకున్నాడు. అతని కెరీర్ అంత పొడుగు సాగడానికి అసలు కిటుకు అదేనని మా అభిప్రాయం.

(Blicavs అన్న పేరు పలికేటప్పుడు "బ్లికావ్స్" అనకండి. అది లాట్వియా పేరు. ఆ భాషలో c అక్షరాన్ని "ట్స" అని పలుకుతారు.)

ప్రశ్న: అతను పరుగుపందేల నుంచి వచ్చాడట. ఫుట్‌బాల్ ఆడని మనిషిని క్లబ్ ఎలా తీసుకుంటుంది? రూల్ ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. అందుకు ప్రత్యేకంగా ఒక దారే ఉంది. మామూలు ఆటగాళ్ళు డ్రాఫ్ట్ ద్వారా, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకునే పద్ధతిలో వస్తారు. వరసగా మూడేళ్ళు ఏ ఫుట్‌బాల్ పోటీలోనూ పేరు నమోదు చేసుకోని క్రీడాకారుణ్ణి మాత్రం రూకీగా, అంటే ఇంకా నేర్చుకునే కొత్త ఆటగాడిగా, విడిగా తీసుకోవచ్చు. బ్లిట్సావ్స్ అప్పటికి 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్, అంటే అడ్డంకులు దూకుతూ సాగే పందెం, పరిగెత్తేవాడు. అమ్మానాన్నలిద్దరూ ఆస్ట్రేలియా తరఫున బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళు, చెల్లెలు సారా కూడా అంతే. 2011 చివర్లో జీలాంగ్ అతన్ని రూకీగా చేర్చుకుంది. 2012 అంతా రిజర్వ్ జట్టులో, అంటే వీఎఫ్ఎల్‌లో ఆడించి, ఆ తర్వాతే పైకి తెచ్చింది. ఆ ఒక్క ఏడాది ఓపికే లేకపోతే ఇవాళ అతని గురించి ఈ ప్రశ్న వచ్చేదే కాదు.

ప్రశ్న: స్టీపుల్‌చేజ్ పరుగు ఈ ఆటకు నిజంగా పనికొస్తుందా, లేక వ్యాఖ్యాతలు చెప్పే కబుర్లా?

పనికొస్తుంది, అదీ రెండు రకాలుగా.

మొదటిది దమ్ము. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 20 నిమిషాలు. ఆట ఆగిన సమయం కలిపితే ఒక్కోటి అరగంట దాకా వెళ్తుంది. మైదానం 135 నుంచి 185 మీటర్ల పొడవు. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో 12 నుంచి 15 కిలోమీటర్లు తిరుగుతాడు. ఒకప్పుడు అలిసినవాణ్ణి బెంచీకి పిలిచి ఇంకొకణ్ణి పంపడానికి పరిమితే లేదు. 2014లో మ్యాచ్‌కు 120 మార్పులని హద్దు పెట్టారు, 2016లో 90కి, 2021లో 75కి దించారు. మార్పులు తగ్గేకొద్దీ బయటికి రాకుండా ఆడగలిగేవాడి విలువ పెరిగింది. రూల్ మారిన ప్రతిసారీ లాభపడ్డవాళ్ళలో ఇతనొకడు.

రెండోది ఎవరూ పెద్దగా చెప్పరు. స్టీపుల్‌చేజ్‌లో 28 అడ్డంకులు, 7 నీటి దూకుళ్ళు ఉంటాయి. అడ్డంకి ఎత్తు 91.4 సెంటీమీటర్లు. ఊపిరి అందని స్థితిలో, పరుగు తగ్గకుండా, ఏ కాలు ముందు పడితే ఆ కాలితో ఎగరాలి. రక్‌మన్ నాలుగో క్వార్టర్లో చేయాల్సింది కూడా అచ్చంగా ఇదే.

ప్రశ్న: రక్‌లో అతనికన్నా పొడుగువాళ్ళు బోలెడుమంది ఉన్నారుగా. మెల్‌బోర్న్ జట్టు రక్‌మన్ మాక్స్ గాన్ 208 సెం.మీ. మరి 198 వాడు ఎలా నెగ్గుకొస్తాడు?

రక్ పోటీలు రెండు రకాలు. రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

సెంటర్ పోటీలో ఇద్దరు రక్‌మన్లూ 10 మీటర్ల వలయంలోంచి ఎదురెదురుగా పరిగెత్తి వచ్చి గాల్లోకి లేస్తారు. ముందుకాలి మోకాలు పైకి లేపి, ప్రత్యర్థి ఒంటిని ఆపుకుంటూ, అరచేత్తో బంతిని తన మిడ్‌ఫీల్డర్ వైపు తోస్తారు. ఇక్కడ ఎత్తుకన్నా ఎగిరే క్షణం ముఖ్యం. అర సెకను ముందు లేచినవాడు బంతి అందే ఎత్తుకు వచ్చేలోపే కిందికి దిగిపోతుంటాడు. బంతిని వదిలేసి ప్రత్యర్థిని అడ్డుకోవడం మీదే ధ్యాస పెడితే ఫ్రీ కిక్ ఇచ్చేస్తారు. 2026 సీజన్ నుంచి అంపైర్ బంతిని నేలకేసి కొట్టకుండా పైకి విసురుతున్నాడు. బంతి వంకరగా లేవడమన్న తలనొప్పి పోయింది కాబట్టి లెక్క చూసుకుని ఎగిరేవాడికి ఇది ఇంకాస్త అనుకూలం.

హద్దు గీత దగ్గర, అంపైర్ బంతిని వెనక్కి విసిరేచోట, కథ వేరు. పరిగెత్తి వచ్చే చోటు ఉండదు. ఒళ్ళూ ఒళ్ళూ రాసుకుంటూ తోపులాట. అక్కడ బరువు, పొడుగు ఉన్నవాడిదే పైచేయి. బ్లిట్సావ్స్ లాంటివాళ్ళు అక్కడ చాలాసార్లు ఓడతారు. అయినా జట్టుకు నష్టం తక్కువే. ఎందుకంటే బంతి నేలపడ్డాక భారీ రక్‌మన్ తేరుకుని కదిలేసరికి ఇతను నాలుగో మిడ్‌ఫీల్డర్‌గా మారిపోయి ఉంటాడు. హిట్‌అవుట్ల లెక్క, అంటే రక్ పోటీలో బంతిని ఎన్నిసార్లు తోశాడన్న లెక్క ఒక్కటే చూసి రక్‌మన్‌ని తూచేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తారు.

ప్రశ్న: వేరే ఆటల నుంచి వచ్చినవాళ్ళు కిక్ దగ్గరే తడబడతారంటారు. బంతిని తన్నడం అంత కష్టమా?

తన్నడం కష్టం కాదు, వదలడం కష్టం. ఈ బంతి కోడిగుడ్డు ఆకారం. పొడవు వైపు చుట్టుకొలత 72 నుంచి 73 సెంటీమీటర్లు, అడ్డం వైపు 54.5 నుంచి 55.5. గుండ్రటి బంతి చేతిలోంచి ఎలా పడినా ఒకటే. దీనికి మాత్రం కోణం కొద్దిగా తప్పినా కిక్ పాడు.

అందరూ వాడే కిక్ డ్రాప్ పంట్. కుడికాలి వాటం వాళ్ళకు వరస ఇలా ఉంటుంది. బంతి మొన పైకి, లేసుల వైపు ముందుకి ఉండాలి. రెండు చేతుల వేళ్ళూ పక్కలకు పరిచి, బొటనవేళ్ళు లేసుల దగ్గర ఆనించాలి. పరిగెత్తి వస్తూ ఎడమచెయ్యి ముందు తీసేయాలి. కుడిచెయ్యి బంతిని నడుము ఎత్తు దాకా, తన్నే తొడకు సూటిగా కిందికి తెచ్చి అక్కడ వదలాలి. ఎంత కిందినుంచి వదిలితే తప్పు జరగడానికి అంత తక్కువ వ్యవధి. పాదం బిర్రుగా చాచి, బొటనవేలు నేలవైపు చూస్తూ, పాదం పైభాగాన ఉన్న గట్టి ఎముకతో బంతి కింది మొన దగ్గర కొట్టాలి. బంతి వెనక్కి గిరగిరా తిరుగుతూ నిటారుగా వెళ్తే కిక్ బాగా పడ్డట్టు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే: కుడిచెయ్యి ఒంటికి అడ్డంగా లాగితే బంతి వాలి పక్కకు తిరుగుతుంది. పాదం వదులుగా ఉంటే బంతి పైకి తేలిపోయి దూరం పోదు. ఒంటికి మరీ దగ్గరగా వదిలితే పిక్క ముందుభాగానికి తగులుతుంది. సాకర్ నుంచి వచ్చినవాళ్ళు పాదం లోపలి వైపుతో కాలిని అడ్డంగా తిప్పుతారు. ఆ అలవాటు వదలడానికి నెలలు పడుతుంది. వెంట పడుతున్నవాడు మీదికొస్తుంటే పాత అలవాటు మళ్ళీ తన్నుకొస్తుంది. సాధనలో చక్కగా కొట్టేవాడు మ్యాచ్‌లో తడబడేది అందుకే.

ప్రశ్న: ఇలా బయటినుంచి వచ్చి నిలబడ్డవాళ్ళు ఇంకెవరు? విఫలమైనవాళ్ళూ ఉన్నారా?

డబ్లిన్‌ నుంచి వచ్చిన జిమ్ స్టైన్స్ మొదట గుర్తొస్తాడు. మెల్‌బోర్న్ తరఫున 264 మ్యాచ్‌లు, అందులో వరసగా 244. 1991లో లీగ్ మొత్తంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ కూడా. ఆ 264ని 2024లో మరో ఐరిష్ ఆటగాడు జాక్ ట్యూహీ దాటాడు. 2022 గ్రాండ్ ఫైనల్లో ఇతను బ్లిట్సావ్స్ జట్టువాడే. అమెరికా బాస్కెట్‌బాల్ నుంచి వచ్చిన 211 సెం.మీ. మేసన్ కాక్స్ 2023లో కాలింగ్‌వుడ్‌తో టైటిల్ గెలిచాడు.

రగ్బీ లీగ్ పెద్ద పేర్లు మాత్రం అంత నిలవలేదు. ఇజ్రాయెల్ ఫొలావ్ గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీకి 13 మ్యాచ్‌లు ఆడి వెళ్ళిపోయాడు. కార్మైకేల్ హంట్ గోల్డ్ కోస్ట్‌కు 44 ఆడాడు. వీళ్ళ సత్తాను తక్కువ చేయక్కర్లేదు. కానీ రగ్బీలో మైదానం ఎప్పుడూ ముందుకే ఉంటుంది, ఇక్కడ బంతి ఏ దిక్కునుంచైనా వస్తుంది. వాళ్ళను కొత్త జట్లు మొదటి రోజే టికెట్లమ్మే పేర్లుగా నిలబెట్టాయి. రిజర్వ్‌లో ఏడాది చాటుగా నేర్చుకునే వీలు వాళ్ళకు దక్కలేదు.

ప్రశ్న: టీవీలో అతని ఆట చూడాలంటే దేన్ని గమనించాలి?

బంతిని కాదు, బంతి దూరంగా ఉన్నప్పుడు అతన్ని. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి వెడల్పు షాట్ వచ్చినప్పుడల్లా వెతకండి. గోల్ పడ్డాక ఆట సెంటర్ నుంచి మొదలవుతుంది. రెండు చివర్లా 50 మీటర్ల వంపుల్లో ఒక్కో జట్టుకు ఆరుగురేసి, సెంటర్ చదరంలో నలుగురు, రెండు వింగుల్లో (చదరానికి అటూ ఇటూ ఉన్న పక్కల్లో) ఒక్కొక్కరు నిలబడాలి, 2019 నుంచి అదే రూలు. బ్లిట్సావ్స్ వీటిలో ఎక్కడున్నాడో చూసుకుంటే ఆ పూట అతనికిచ్చిన పని ఏదో తెలిసిపోతుంది. చదరంలో ఉంటే రక్ లేదా మిడ్‌ఫీల్డ్. సొంత గోల్ వైపు వంపులో ఉంటే పొడుగాటి ఫార్వర్డ్‌ని కాచే పని. అలాంటప్పుడు ఫార్వర్డ్ చేతుల్ని కొట్టకుండా, వీపు మీద తోయకుండా, వెనకనుంచి ఎగిరి పిడికిలితో బంతిని ఎలా చెదరగొడుతున్నాడో చూడండి. ఒకే మ్యాచ్‌లో మూడో క్వార్టర్‌కి అతని చోటు మారిపోతే కంగారు పడకండి. తొలి సగంలో ఎవరు చేతికి చిక్కకుండా ఆడారో గుర్తుచేసుకుంటే, ఆ మనిషి పక్కనే అతను తేలతాడు.