ఎవరైనా కనెక్ట్ అయినప్పుడల్లా సర్కిల్‌మడ్ ఆగిపోతుంటే

నమస్తే అండి. మీరు నడిపే సర్కిల్‌మడ్ (చాలామంది కలిసి టెక్స్ట్‌తో ఆడే ఆన్‌లైన్ గేమ్ సర్వర్ ప్రోగ్రామ్) వల్ల ప్రాసెసర్ మీద లోడ్ దాదాపు ఏమీ లేదు, అయినా కొత్తగా ఎవరైనా కనెక్ట్ అయిన ప్రతిసారీ అందరికీ గేమ్ కొన్ని సెకన్లు ఆగిపోతోందని రాశారు. ఆ "ప్రతిసారీ"లోనే జవాబు ఉంది. పెద్ద సర్వర్ మాత్రం కొనకండి, డబ్బు దండగ.

సర్కిల్‌మడ్ మొత్తం ఒకే థ్రెడ్‌లో, అంటే ఒక పని అయ్యాకే ఇంకో పని చేస్తూ, సెకనుకు 10 సార్లు తిరిగే ఒకే లూప్‌తో నడుస్తుంది. కొత్త కనెక్షన్ రాగానే ఆ ఐపీకి (ఇంటర్నెట్ చిరునామా నంబర్‌కు) హోస్ట్ పేరు, అంటే ఆ కంప్యూటర్ పేరు, ఏమిటని డీఎన్ఎస్‌ను (నంబర్లకు, పేర్లకు జత చెప్పే ఇంటర్నెట్ సేవను) అడుగుతుంది. జవాబు వచ్చేదాకా లూప్ అక్కడే నిలబడిపోతుంది. గుహలో డ్రాగన్‌తో పోరాడుతున్నవాళ్లు కూడా దానితోపాటే ఆగాలి, పాపం.

కాన్ఫిగ్ డాట్ సి ఫైల్‌లో 'నేమ్‌సర్వర్ ఈజ్ స్లో' అనే సెట్టింగ్ ఉంటుంది. దాన్ని నో నుంచి యెస్‌కు మార్చి, మళ్లీ కంపైల్ చేసి, గేమ్ రీస్టార్ట్ చేయండి. ఆ తర్వాత హోస్ట్ పేర్ల బదులు ఐపీ నంబర్లే కనిపిస్తాయి. కాబట్టి పేరుతో పెట్టిన బ్యాన్‌లు పనిచేయవు, నంబర్లతో మళ్లీ పెట్టుకోవాలి. ఇది మర్చిపోతే పాత అల్లరిమూక తిరిగొస్తుంది.

అప్పటికీ ఆగుతుంటే ఎంతసేపటికోసారి ఆగుతోందో గమనించి రాయండి. సరిగ్గా 5 నిమిషాలకోసారి అయితే ఆటోసేవ్ (ఆటగాళ్ల వివరాలను దానంతటదే డిస్క్‌లో రాసుకోవడం) మీద అనుమానం, డిస్క్ వేగం చూడాలి.