టెక్ సందేహాలు: బ్లాగు మార్చండి, చిరునామా మాత్రం వదలకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. "బ్లాగు వేరే చోటికి మార్చాను, అంతా పోయింది." ఆ "అంతా" ఒకరికి ఫొటోలు, ఇంకొకరికి పాత లింకులు, మరొకాయనకి ఏకంగా డొమైనే (అంటే సొంతంగా కొనుక్కున్న వెబ్ చిరునామా). అందుకని ఫోన్లనీ ప్రింటర్లనీ పక్కనపెట్టి ఇవాళ ఇదొక్కటే తీసుకుంటున్నాను. అకౌంట్ ఎలా తెరవాలి, థీమ్ ఎలా పెట్టాలి లాంటివి చెప్పను. అవి మీకు వచ్చు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతోంది.

సొంత సైట్ పెడదామనుకుంటున్నాను. బ్లాగర్, వర్డ్‌ప్రెస్, ఘోస్ట్, హ్యూగో, మీడియం... మూడు నెలలుగా రివ్యూలు చదువుతున్నా తేలడం లేదు. ఏది మంచిది?

ఈ మూడు నెలల్లో మీరు పది వ్యాసాలు రాసి ఉండేవారు. సరే, నా మాట ఇది. రాయడం తప్ప వేరే గొడవ వద్దనుకుంటే బ్లాగర్ గానీ, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ గానీ చాలు. హోస్టింగ్, బ్యాకప్, అప్‌డేట్లు మీరే చూసుకోగలిగితే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా పెట్టుకోండి. కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసి పని చేయించుకునే పద్ధతి) అంటే భయం లేకపోతే హ్యూగో, జెకిల్ లాంటి సైట్ తయారీ ప్రోగ్రాములు హాయి. వాటిలో మీ వ్యాసాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా మీ కంప్యూటర్లోనే ఉంటాయి, హ్యాక్ చేయడానికి డేటాబేస్ అంటూ ఉండదు. మీడియం పాఠకుల్ని తెచ్చిపెట్టవచ్చు. కానీ అక్కడి డిజైన్ మీ చేతిలో ఉండదు, సైట్ మీ సొంతమన్న భావనా ఉండదు.

ఏదీ శాశ్వతం అనుకోకండి. ఒకప్పటి ఉచిత సైట్ల సేవ జియోసిటీస్ పేజీలు 2009లో పోయాయి. పోస్టరస్ అనే బ్లాగు సేవను 2012లో ట్విట్టర్ కొంది, మరుసటి ఏడాది ఏప్రిల్ 30న మూసేశారు. 2003 నుంచి డబ్బు తీసుకుని నడిచిన టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబర్ 30న మూతపడింది. ఆ కబురు అంతకు నెల రోజుల ముందు, ఆగస్టు చివర్లో చెప్పారు. డబ్బు కడుతున్నాం కదా అన్న ధీమా కూడా అక్కడ పనికి రాలేదు.

అందుకని రివ్యూలు ఆపి ఒక పని చేయండి. మీకు నచ్చినదాంట్లో ఫొటోతో సహా రెండు పోస్టులు పెట్టండి. వెంటనే ఎక్స్‌పోర్ట్ (రాసినవన్నీ ఒక ఫైల్‌గా దించుకునే బటన్) నొక్కి, వచ్చిన ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మీ అక్షరాలు, తేదీలు, కామెంట్లు కనబడితే మంచిదే. ఎక్స్‌పోర్ట్ బటనే దొరక్కపోతే దాన్ని అక్కడే వదిలేయండి.

2009 నుంచి ఉన్న తెలుగు బ్లాగును బ్లాగర్ నుంచి వర్డ్‌ప్రెస్‌కి మార్చాను. డొమైన్ పాతదే. పోస్టులన్నీ వచ్చాయి గానీ గూగుల్ నుంచి వచ్చేవాళ్లకి "పేజీ దొరకలేదు" అని వస్తోంది. కొన్ని పోస్టుల్లో ఫొటోలూ మాయం.

మీ పాత బ్లాగు లింకు ఒకటి గుర్తు తెచ్చుకోండి. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్ దాన్ని చిరునామాలోకి తీసుకోదు. సంవత్సరం, నెల, ఆ తర్వాత "బ్లాగ్-పోస్ట్_23" అని ఏదో ఒక అంకె తగిలిస్తుంది. మీరు వసంతం మీద రాసినా, వంకాయ మీద రాసినా చిరునామా ఒకటే తీరు. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను తీసుకుంటుంది గానీ, లోపల ఒక్కో అక్షరాన్నీ, ఒక్కో గుణింతం గుర్తునూ తొమ్మిదేసి క్యారెక్టర్ల కోడ్‌గా మారుస్తుంది. "తెలుగు" అన్న మూడక్షరాల మాటకే 54 అవుతాయి. దాచుకునే చోటు 200 దాకానే. అంటే ఇరవై రెండు గుర్తులు దాటిన శీర్షిక మధ్యలో తెగిపోతుంది. ఇన్నేళ్లయినా ఈ పరిమితి సడలలేదు. ఇంగ్లిష్ శీర్షికలు తప్ప ప్రపంచంలో వేరేవి ఉండవనుకున్న రోజుల్లో వేసిన కొలత అది.

కాబట్టి పాత చిరునామాకీ కొత్తదానికీ పోలికే ఉండదు. గూగుల్ దగ్గరున్నది పాతది. పాతదాన్ని అడిగినవాళ్లని కొత్తదానికి పంపే ఏర్పాటు మీరే చేయాలి. దాన్నే 301 రీడైరెక్ట్ అంటారు. వర్డ్‌ప్రెస్‌లోని బ్లాగర్ ఇంపోర్టర్ ప్రతి పోస్టు పాత చిరునామానూ కస్టమ్ ఫీల్డు అనే అదనపు గడిలో దాచిపెడుతుంది. దాన్ని చదివి దారి మళ్లించే ప్లగిన్లు (అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయి. వందలోపు పోస్టులైతే ఒక స్ప్రెడ్‌షీట్‌లో పాతది, కొత్తది రెండు కాలమ్‌లుగా రాసుకుని చేత్తో పెట్టుకున్నా ఒక ఆదివారంతో అయిపోతుంది. విసుగొచ్చి పాత లింకులన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించకండి. వ్యాసం కోసం వచ్చినవాడికి గుమ్మం చూపించడం అది. గూగుల్ కూడా అలాంటివాటిని లేని పేజీలుగానే లెక్కేస్తుంది. పెట్టిన రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నా లెక్కలో ఎప్పటికీ ఉంచాలి. వాటికయ్యే ఖర్చేమీ లేదు.

ఇదంతా డొమైన్ మీ సొంతం కాబట్టి కుదురుతోంది. బ్లాగ్‌స్పాట్ ఉచిత చిరునామా మీదే ఉన్నవాళ్లకి ఈ సౌకర్యం లేదు. బ్లాగర్ ఇచ్చే రీడైరెక్ట్ ఆ బ్లాగు లోపలి పేజీలకే పనిచేస్తుంది, బయటికి పంపదు. వాళ్లు పాత బ్లాగును తీసేయకుండా, ప్రతి పోస్టు పైనా కొత్త లింకు పెట్టి ఉంచుకోవడమే మేలు.

ఇక ఫొటోల సంగతి. ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఒకప్పుడు బ్లాగు మార్చి, పోస్టులన్నీ తిరగేసి, ఫొటోలతో సహా భేషుగ్గా ఉన్నాయని సంబరపడి, వారం తర్వాత పాత అకౌంట్ మూసేశాను. మర్నాడు చూస్తే ఫొటో ఉండాల్సిన ప్రతిచోటా చిరిగిన కాగితం బొమ్మ. జరిగిందేమిటంటే, ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో ఫొటోలు ఉండవు, ఫొటోల చిరునామాలే ఉంటాయి. వారం రోజులూ నా కొత్త బ్లాగు ఫొటోలను పాత బ్లాగు నుంచే తెచ్చి చూపించింది. పాతది మూయగానే అవీ పోయాయి. మీరు పాతది ఇంకా మూసి ఉండకపోతే ఇంపోర్ట్ మళ్లీ చేసి, ఫొటోల ఫైళ్లను కూడా దించుకునే ఆప్షన్ ఉంటే దానికి టిక్ పెట్టండి. తర్వాత ఒక ఫొటో మీద రైట్ క్లిక్ చేసి దాని చిరునామా చూడండి. అందులో మీ డొమైన్ పేరుంటే వచ్చేసినట్టు.

ఇదే వరుసలో ఇంకొకరు తెలుగంతా చెడిపోయిందని రాశారు. అక్షరాల చోట పిచ్చి గీతల లాటిన్ అక్షరాలు కనబడితే టెన్షన్ పడకండి. డేటా ఉంది, దాని ఎన్‌కోడింగ్‌ను (అక్షరాలను కోడ్‌గా దాచే పద్ధతిని) సైట్ తప్పుగా చదువుతోంది, సరిచేయవచ్చు. వరసగా ప్రశ్నార్థకాలే కనబడితే మాత్రం ఆ కాపీలో అక్షరాలు పోయినట్టే. పాత బ్యాకప్ తీసి, డేటాబేస్‌ను అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్‌8ఎంబీ4 ఎన్‌కోడింగ్‌లో పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

కొత్త పేరుతో కొత్త డొమైన్ తీసుకున్నాను. పాత డొమైన్ గడువు వచ్చే నెల అయిపోతుంది. బ్లాగంతా ఇటు వచ్చేసింది కదా, దాన్ని వదిలేయవచ్చా?

వద్దు. ఈ ఉత్తరం చూసి నాకు నిజంగానే భయమేసింది. ఎందుకంటే దీన్ని అందరూ డబ్బు ఆదా కింద చూస్తారు.

మీరు వదిలేసిన డొమైన్ ఖాళీగా పడి ఉండదు. డాట్ కామ్ లాంటి పేరైతే గడువు దాటాక కొన్నాళ్లు మామూలుగానే రెన్యూ చేసుకోనిస్తారు. ఎన్నాళ్లన్నది రిజిస్ట్రార్‌ను (మీకు డొమైన్ అమ్మిన సంస్థను) బట్టి ఉంటుంది. తర్వాత డిలీట్ చేస్తే 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే గడువు), అందులో తిరిగి తెచ్చుకోవాలంటే రుసుము వాచిపోతుంది. ఆపైన 5 రోజులు "పెండింగ్ డిలీట్". అది దాటిన మరుక్షణం కోసం కాచుకుని ఉండే ప్రోగ్రాములున్నాయి. పాతబడిన, లింకులున్న బ్లాగు పేరంటే వాటికి పండగే. ఆ తర్వాత మీ పేరున్న చిరునామాలో జూదం ప్రకటనలు కనబడతాయి. మీ స్నేహితులు పదేళ్ల కింద ఇచ్చిన లింకులు నొక్కినవాళ్లు అక్కడికే వెళ్తారు.

అది పరువు సంగతి. అసలు ముప్పు ఈమెయిల్‌లో ఉంది. ఆ డొమైన్ మీద మీకు ఎప్పుడైనా మెయిల్ ఐడీ ఉండేదా? దాంతో ఎక్కడెక్కడ అకౌంట్లు తెరిచారో గుర్తుందా? నాకైతే గుర్తు లేదు, మీకూ ఉండదు. డొమైన్ కొన్నవాడు మెయిల్ సర్వర్ పెట్టి, ఆ పేరుకి వచ్చే ఉత్తరాలన్నీ ఒకే పెట్టెలో పడేలా చేసుకుంటాడు. ఏ షాపింగ్ సైట్ నుంచో "మీ ఆర్డర్" అని ఓ మెయిల్ వస్తుంది. మీకు అక్కడ అకౌంట్ ఉందని వాడికి తెలిసిపోతుంది. "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కుతాడు. రీసెట్ లింకు వాడికే వస్తుంది. మీ పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా ఇక్కడ అక్కరకు రాదు, ఎవరూ దాన్ని ఛేదించలేదు కదా.

డొమైన్ చేతులు మారితే ఏమవుతుందో 2024లో లోకమంతా చూసింది. పాలీఫిల్ డాట్ ఐఓ అనే చిరునామా నుంచి లక్షకు పైగా సైట్లు ఒక స్క్రిప్టు (పేజీలో నడిచే చిన్న ప్రోగ్రాము) తెచ్చుకునేవి. ఆ ఏడాది మొదట్లో డొమైన్ వేరేవాళ్ల చేతికి వెళ్లింది. జూన్ కల్లా అదే స్క్రిప్టు సందర్శకుల్ని మోసపు సైట్లకి మళ్లించడం మొదలుపెట్టింది. ఆ సైట్ల వాళ్లు తమ పేజీలో ఒక్క అక్షరం మార్చలేదు. మీ బ్లాగు సైడ్‌బార్‌లో ఎప్పుడో పెట్టిన హిట్ కౌంటర్, గడియారం, మంచు రాల్చే విడ్జెట్ ఏ చిరునామా నుంచి వస్తున్నాయో, ఆ చిరునామా ఇప్పుడు ఎవరిదో ఒకసారి చూసుకోండి. ఎవరిదో తెలియకపోతే తీసేయండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. ప్లాట్‌ఫామ్ వదిలేటప్పుడు చాలామంది సైట్ తీసేస్తారు గానీ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే పట్టికలో) ఆ ప్లాట్‌ఫామ్ వైపు చూపించే సీనేమ్ రికార్డును అలాగే వదిలేస్తారు. ఆ ప్లాట్‌ఫామ్‌లో ఇంకెవరో మీ సబ్‌డొమైన్‌ను (మీ డొమైన్ కింద పెట్టుకున్న ఉప చిరునామాను) తమ సైట్‌కి తగిలించుకుంటే, మీ పేరు మీద, తాళం గుర్తుతో సహా, వాడి పేజీ తెరుచుకుంటుంది. గిట్‌హబ్ పేజెస్ లాంటి హోస్టింగ్ సేవలు డొమైన్‌ను వెరిఫై చేసుకోమనేది ఇందుకే. సైట్ తీసేసిన రోజే రికార్డూ తీసేయండి.

రెండోది, రిజిస్ట్రార్ అకౌంట్‌కి ఇచ్చిన ఈమెయిల్ అదే డొమైన్ మీదిది కాకూడదు. గడువు దాటి డొమైన్ ఆగితే ఆ మెయిలూ ఆగుతుంది. రెన్యూ చేయమనే హెచ్చరికలు రావు, పాస్‌వర్డ్ రీసెట్టూ రాదు. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసినట్టు. ఈ ఒక్క పొరపాటుతో పేరు పోగొట్టుకున్నవాళ్ల ఉత్తరాలు నా దగ్గర ఎన్నో ఉన్నాయి.

కాబట్టి పాత డొమైన్ రెన్యూ చేయండి, ఆటో రెన్యూ పెట్టండి. ఆ ఐడీతో ఉన్న అకౌంట్లు ఒక్కొక్కటీ వెతికి కొత్త మెయిల్‌కి మార్చండి. ఏళ్లు పట్టినా సరే.

వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ అయ్యాక రాసే పెట్టె మొత్తం మారిపోయింది. ఒక పేరా కింద ఇంకో పేరా రాయాలంటే బ్లాకులట. పాతది తెచ్చుకునే దారి ఉందా?

ఉంది, పాత ఎడిటర్‌ను తిరిగి తెచ్చే ప్లగిన్ వేసుకోండి. ఎన్నాళ్లు పనిచేస్తుందో మాత్రం దాన్ని చూసుకునేవాళ్ల ఓపిక మీద ఉంటుంది. నా మట్టుకు నేను ముందు వేరే చోట, మామూలు టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుని తర్వాత అతికిస్తాను. ఎడిటర్ ఎన్ని వేషాలు మార్చినా నా పని ఆగదు.

అసలు ఈ అప్‌డేట్లు చేసేవాళ్లలో రోజూ నాలుగు పేరాలు రాసేవాడు ఒక్కడైనా ఉంటాడా అని నా అనుమానం. రంగులు మార్చే బటన్ కంటి ముందుంటుంది, డ్రాఫ్ట్ సేవ్ అయిందో లేదో చెప్పే అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ సంగతి సరేసరి, మూడు మెనూల కింద, "టూల్స్"లోనో "అడ్వాన్స్‌డ్"లోనో దాక్కుంటుంది. "అప్‌గ్రేడ్" మాత్రం ప్రతి పేజీలోనూ పలకరిస్తుంది.

జెకిల్ నుంచి హ్యూగోకి మారాను. ప్లాట్‌ఫామ్ మార్చడం ఇది నాలుగోసారి. ఫీడ్ చదివేవాళ్లు పాత పోస్టులన్నీ కొత్తవిగా వచ్చిపడ్డాయని తిడుతున్నారు. ఎందుకలా?

కొత్త పోస్టుల్ని పాఠకులకు అందించే జాబితాను ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు. అందులో ప్రతి పోస్టుకీ ఒక గుర్తింపు ఉంటుంది. ఫీడ్ రీడర్ (ఫీడ్‌ను చదివిపెట్టే యాప్) ఆ గుర్తింపును చూసే "ఇది చదివిందే" అని తెలుసుకుంటుంది. మీరు మారినప్పుడు ఆ గుర్తింపులు మారాయి, రీడర్‌కి అన్నీ కొత్తవే అయ్యాయి. హ్యూగో ఫీడ్ టెంప్లేట్‌లో పాత గుర్తింపులే వచ్చేలా రాసుకోవచ్చు గానీ, మీ విషయంలో ఇప్పటికే అయిపోయింది. తిట్లు ఒక్కరోజు వస్తాయి, ఆగిపోతాయి. ఇప్పుడు మళ్లీ పాతవాటికి మారిస్తే రెండోసారి వస్తాయి.

నాలుగోసారి అన్నారు కాబట్టి మీరిచ్చిన లింకు తెరిచి చూశాను. మొదటి పోస్టు "బ్లాగు మొదలుపెట్టాను." రెండోది "కొత్త చోటికి మారాను." మూడోది "ఎందుకు మళ్లీ మారాను." నాలుగోది పేజీ తెరుచుకునే వేగం మీద, ఐదోది హ్యూగో మీద. థీమ్ బాగుంది. సైట్ కూడా చాలా వేగంగా తెరుచుకుంటోంది. ఆరో పోస్టు ఇంకేదైనా విషయం మీద రాస్తే లింకు పంపండి, చదువుతాను.