గుడ్లు తగ్గాయంటే ముందు గూళ్ల రూము చూసుకో

తమ్ముడూ,

పట్టుపురుగు చిలకలు (గూడులోంచి వచ్చే రెక్కల పురుగులు) గుడ్లు తక్కువ పెడుతున్నాయి, పెట్టినవీ చాలావరకు పసుపుగానే ఉండిపోతున్నాయి, గ్రెయినేజ్‌లో (పట్టు గుడ్లు పెట్టించే చోట) ఏసీ పెట్టించనా అని అడిగావు. పెట్టించుకో, వద్దనను, కానీ అసలు దెబ్బ అంతకుముందే తగిలిందని నా అనుమానం.

చిలక బయటికొచ్చాక ఏమీ తినదు కదా, గుడ్లకి కావాల్సిందంతా పురుగు తిన్న ఆకులోంచే రావాలి, గుడ్లు తయారయ్యేది ప్యూపా (గూడులో పురుగు చిలకగా మారే దశ) లోపల. పురుగు ఐదో దశలో (గూడు కట్టే ముందు చివరి దశ) 24 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే చాలు, గూడు కట్టేటప్పుడు తేమ 60-65కి దించాలి, ప్యూపాకి 25 డిగ్రీలు, 75-80 శాతం. మనవాళ్లు చాకీకి (చిన్న పురుగుల పెంపకానికి) పెట్టిన 27-28 డిగ్రీలు, 85-90 శాతం తేమ పెద్ద పురుగులకీ అలాగే వదిలేస్తారు, మూసిన షెడ్డులో ఆ ఉక్కకి ఆకు సరిగ్గా తినవు, రోగాలు కూడా అప్పుడే మొదలవుతాయి.

ఇక పసుపు గుడ్ల సంగతి. నీది బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే రకం) కాబట్టి మంచి గుడ్డు రెండు మూడు రోజుల్లో ముదురు రంగుకి రావాలి (ఏడాదికి చాలా తరాలు వచ్చే మల్టీవోల్టిన్ గుడ్లకి ఈ లెక్క పనికిరాదు, అవి పురుగు బయటికొచ్చే ముందు దాకా లేత రంగులోనే ఉంటాయి). రాలేదంటే ముందు మగవాటినే అనుమానించు. చివరి దశలోనో ప్యూపాలోనో ఎండ వేడి 30 దాటి కొన్నాళ్లు ఉంటే మగది పైకి బాగానే రెక్కలు కొట్టుకుంటుంది, జత కూడా కడుతుంది, కానీ లోపల వీర్యం దెబ్బతిని ఉంటుంది, చూసి కనిపెట్టలేవు. రెండోసారి జతకి వాడే మగవాటిని 5-7 డిగ్రీల్లో పెట్టు, బయట వదిలేయొద్దు. జత 3-4 గంటలు చాలు, తర్వాత ఆడవాటిని చీకట్లో 25 డిగ్రీల దగ్గర గుడ్లకి వదిలేయ్.

ఇంకోటి, చాలామంది నమ్మరు గానీ నిజం. బైవోల్టిన్ గుడ్డుని 25 డిగ్రీల్లో వెలుతురులో పొదిగిస్తే, అందులోంచి వచ్చిన ఆడది పెట్టే గుడ్లు నిద్రకి పోతాయి (వెంటనే పొదగకుండా ఆగిపోతాయి), 15 డిగ్రీల్లో చీకట్లో పొదిగిస్తే నిద్రపోని గుడ్లు పెడుతుంది. అంటే తల్లి గుడ్డుగా ఉన్నప్పటి వాతావరణం కూడా లెక్కలోకి వస్తుందన్నమాట.

థర్మామీటర్ గోడకి ఎక్కడో పైన కాదు, గూళ్లు పరిచిన ట్రే ఎత్తులో కట్టు, మధ్యాహ్నం రీడింగ్ తప్పకుండా రాయి. గూళ్లు పలచగా పరుచు, గుట్టగా పోస్తే మధ్యలోవి ఉడికిపోతాయి. విత్తన గూళ్లు (గుడ్ల కోసం ఉంచే గూళ్లు) తెచ్చుకునేది మాత్రం రాత్రిపూటో తెల్లవారుజామునో పెట్టుకో, టార్పాలిన్ కప్పి ఎండలో బండి ఆపి టీకి దిగేవాడిని పంపకు.