ఇంజెక్షన్‌తో ఆకలి తగ్గింది.. ఇక వ్యాయామం అక్కర్లేదా?

ప్రశ్న: నా వయసు 42. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 92 కిలోలు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. బరువు తగ్గడానికి డాక్టర్ వారానికోసారి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ రాశారు. ఆకలే వేయడం లేదు, ఒక్కపూటే తింటున్నాను. ఇంకా డైట్, వ్యాయామం అవసరమా? బరువు తగ్గాక ఇంజెక్షన్ మానేయొచ్చా?

జవాబు: మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) దాదాపు 36. పైగా షుగర్ ఉంది. కాబట్టి ఈ ఇంజెక్షన్ రాయడం సబబే. ఒక్కపూట తినడం మాత్రం ఈ రోజే మానేయండి.

ఎందుకంటే మీరు తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. తిండి తగ్గి, సెమాగ్లుటైడ్ కూడా తోడైతే షుగర్ 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ పరీక్షించుకోండి. గ్లిమెపిరైడ్ మోతాదు తగ్గించాలేమో ఆలస్యం చేయకుండా మీ డాక్టర్‌ను అడగండి. కంటి రెటీనా పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ ఒక్కసారిగా అదుపులోకి వస్తే, అప్పటికే రెటీనా దెబ్బతిన్నవారిలో సమస్య ముదరొచ్చు.

ఇక వ్యాయామం సంగతి. తగ్గే బరువంతా కొవ్వే కాదు, కండ కూడా కరుగుతుంది. సరిగ్గా తినకుండా, కదలకుండా ఉంటే ఈ నష్టం ఇంకా ఎక్కువ. మందు ఆకలిని తగ్గిస్తుందే తప్ప కండను కాపాడదు. ఆ పని మీరే చేయాలి. కిడ్నీ సమస్య లేకపోతే రోజుకు సుమారు 80 గ్రాముల ప్రొటీన్ మూడు పూటలకూ పంచుకుని తినండి. కడుపు త్వరగా నిండిపోతుంది కాబట్టి పళ్లెంలో ముందు ప్రొటీన్ ఉన్నవే తినేయండి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక మంచిదే గానీ, అదొక్కటే చాలదు. వారంలో రెండు మూడు రోజులు కండరాలకు పని పెట్టాలి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, గోడకు చేతులానించి పది పుషప్స్ తీయండి. కాసేపాగి ఇదంతా మరోసారి చేయండి. తేలికనిపించాక బరువులు పట్టుకోవచ్చు.

మోతాదు 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు పెంచుతూ పోతారు. త్వరగా తగ్గాలని మీరే పెంచుకోవద్దు, వాంతులు పట్టుకునేది అలాగే. ఈ మందుతో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. అందుకే నూనె పదార్థాలు, కడుపు నిండా తినడం పడవు. కొంచెం కొంచెంగా తినండి, మలబద్ధకం రాకుండా నీళ్లు బాగా తాగండి. వాంతులు ఆగకపోయినా, వీపులోకి పాకే తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అది ప్యాంక్రియాటైటిస్ (క్లోమగ్రంథి వాపు) కావొచ్చు. మీ కుటుంబంలో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, మీకు గర్భం దాల్చే ఆలోచన ఉన్నా డాక్టర్‌కు ముందే చెప్పాలి.

మానేయడం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. ఒక పెద్ద అధ్యయనంలో ఈ మందు, జీవనశైలి మార్పులు కలిసి 68 వారాల్లో సగటున 15 శాతం బరువు తగ్గించాయి. రెండూ ఆపాక ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. అది మనోబలం లేక కాదు, మందు ఆపగానే ఆకలి మళ్లీ మొదలవుతుంది. బీపీ మాత్రలాగే దీన్నీ దీర్ఘకాలం వాడాల్సి రావొచ్చు. పూర్తి మోతాదుకు చేరి మూడు నెలలైనా కనీసం 5 శాతం, అంటే మీ విషయంలో 4.6 కిలోలు తగ్గకపోతే కొనసాగించాలా వద్దా అని డాక్టర్‌తో చర్చించండి. ఎప్పుడైనా ఆపాల్సివస్తే వారానికోసారి బరువు చూసుకోండి. రెండు మూడు కిలోలు పెరగగానే డాక్టర్‌ను కలవండి.