పాత పద్మినికి ముందు కాగితాలు, తర్వాతే రంగు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. తాడిపత్రిలో ఒకరి ఇంటి వెనక ఏళ్ల తరబడి పడివున్న 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని కారును పోయిన ఏడాది 42 వేలకు కొన్నాను. సీ-బుక్ ఆ ఇంటి పెద్దాయన పేరు మీదే ఉంది. ఆయన 2016లో పోయారు. పెద్దకొడుకు 100 రూపాయల స్టాంపు కాగితం మీద అమ్మినట్టు రాసిచ్చాడు. వాళ్ల నాన్న బతికుండగా సంతకం పెట్టి ఉంచిన ఖాళీ 29, 30 ఫారాలు (బండి అమ్మకం, పేరు మార్పిడికి పెట్టేవి) కూడా ఇచ్చాడు. ఆ పెద్దకొడుకుకు తల్లి, చెల్లెలు ఉన్నారు, వాళ్ల సంతకాలు తీసుకోలేదు. రిజిస్ట్రేషన్ గడువు 2008లోనే ముగిసింది. కారును ఇంటి వసారాలో విప్పి ఆదివారాలు నేనే పని చేసుకుంటున్నా. నా దగ్గర ఇంకో 60 వేల కన్నా ఎక్కువ లేవు. ఇంజన్‌కు బోరు చేయించే (అరిగిన సిలిండర్లు తొలిపించే) బదులు పాత మారుతీ వ్యాన్ ఇంజన్ పెట్టుకో, చౌకలో పోతుంది అంటున్నాడు మెకానిక్. పదిహేనేళ్లు దాటిన కారు తుక్కుకే అని కొందరు, వింటేజ్ నంబరు తెచ్చుకో అని కొందరు. ఇవి చాలవన్నట్టు, డోర్లు, బానెట్ తీసుకున్న పెయింటరు 8 వేలు అడ్వాన్సు పుచ్చుకుని ఇప్పుడు మాట్లాడుకున్నదానికి రెట్టింపు ఇస్తేగానీ వదలనంటున్నాడు. నేనేం చేయాలి సార్?

జవాబు: ముందు పెయింటు పని ఆపండి. మీ దగ్గరున్న 60 వేలలో మొదటి రూపాయి రవాణా శాఖ ఆఫీసు పనికి పోవాలి, రెండోది బ్రేకులకు. కారు అద్దంలా మెరిసినా మీ పేరు మీదికి రాకపోతే వసారా దాటి రోడ్డెక్కలేదు.

ఆ ఖాళీ ఫారాల సంగతి ముందు తేల్చుకుందాం, మీ ఉత్తరంలో నాకు భయం వేసింది అక్కడే. తండ్రి సంతకం అసలుదే కావచ్చు. కానీ 2016లో పోయిన మనిషి పోయిన ఏడాది మీకు కారు అమ్మినట్టు ఆ ఫారాలు నింపి దాఖలు చేస్తే అది తప్పుడు పత్రం అవుతుంది. భారతీయ న్యాయ సంహితలో ఫోర్జరీకి 336, ఫోర్జరీ పత్రాన్ని అసలుదని వాడినందుకు 340 సెక్షన్లున్నాయి. 'పాత తేదీ వేసి పని కానిచ్చేద్దాం' అనే ఏజెంటు ప్రతి ఆర్టీవో ఆఫీసు ముందూ దొరుకుతాడు. కేసంటూ అయితే మీ పేరు మీద అవుతుంది, ఏజెంటు పేరు మీద కాదు. ఆ ఫారాలను పక్కన పెట్టేయండి.

సరైన దారి కొంచెం పొడవైనా కష్టమైనదేం కాదు. యజమాని చనిపోతే బండి ముందు వారసుల్లో ఒకరి పేరు మీదికి మారాలి. దానికి ఫారం 31. యజమాని చనిపోయిన మూడు నెలల్లోపు పెట్టాల్సిన దరఖాస్తు అది. వాళ్లు పెట్టలేదు కాబట్టి ఆలస్యానికి కట్టాల్సింది ఉంటుంది, అంతకుమించి కొంప మునగదు. మరణ ధ్రువపత్రం, గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు అభ్యంతరం లేదంటూ ఇచ్చే అఫిడవిట్లు, ఒరిజినల్ సీ-బుక్ కావాలి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ తల్లికీ చెల్లెలికీ పెద్దకొడుకుతో సమానంగా హక్కుంది. చెల్లెలు పెళ్లయి అత్తారింటికి వెళ్లినా ఆ హక్కు పోదు. ఇలా కారు పెద్దకొడుకు పేరు మీదికి వచ్చాక ఆయన సంతకంతో కొత్త 29, 30 ఫారాలు పెట్టి మీ పేరుకు మార్చుకోవాలి. అమ్మిన వ్యక్తి 14 రోజుల్లో, కొన్న వ్యక్తి 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 చెబుతోంది.

'ఆ చెల్లెలు రేపు అడ్డం తిరిగితే?' అని మీరు అడగలేదు గానీ, అడగాల్సిన ప్రశ్న. తనకు లేని హక్కును ఎవరూ అమ్మలేరన్నది సాధారణ సూత్రం. అయితే వస్తువుల విక్రయ చట్టం సెక్షన్ 28లో మీకు అనుకూలమైన మాట ఒకటుంది. ఉమ్మడి ఆస్తి మిగతా హక్కుదారుల అనుమతితో ఒక్కరి ఆధీనంలోనే ఉన్నప్పుడు, ఆ వ్యక్తి దగ్గర మంచి విశ్వాసంతో, అమ్మే అధికారం లేదని తెలియకుండా కొన్నవారికి హక్కు దక్కుతుంది. కోర్టు దాకా వెళితే ఇది మీకు పనికొస్తుంది. ఆర్టీవో ఆఫీసులో మాత్రం పనికిరాదు, అక్కడ సంతకాలే కావాలి. కాబట్టి సెక్షన్లు పట్టుకుని తాడిపత్రికి పోవద్దు. ఆ ఇంటి పెద్దామెను పలకరించి, చెల్లెలి చేతిలో ఓ రెండు మూడు వేలు పెట్టాల్సి వచ్చినా పెట్టి, నోటరీ చేయించిన అఫిడవిట్ తెచ్చుకోండి. అంతకన్నా చౌకగా పోయే దావా ఏదీ లేదు.

పేరు మారేదాకా ఇంకో చిక్కుంది. చట్టం దృష్టిలో రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే యజమాని. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, బండి చేతులు మారినా పేరు మారకపోతే ప్రమాద పరిహారం బాధ్యత రిజిస్టరైన యజమానిదేనంది. ఈ మాట ఆ కుటుంబానికి వివరంగా చెప్పండి. పేరు మార్పిడి మీకన్నా వాళ్లకే అవసరమని అర్థమైతే సంతకాలు తొందరగా పడతాయి.

ఈ తిరుగుళ్లకు ముందే ఒక పని చేయండి. బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ వాహన్ పోర్టల్‌లో కారు నంబరు కొట్టి చూడండి. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబర్లు చాలావరకు కంప్యూటర్లోకి ఎక్కలేదు. కనిపించకపోతే కారు లేనట్టు కాదు. అనంతపురం రవాణా శాఖ ఆఫీసులో సీ-బుక్ చూపించి బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించాలి, అంటే పాత రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించాలి. పాత రిజిస్టరు వెతకడానికి సిబ్బంది విసుక్కుంటే, వారసుల్లో ఒకరి పేరుతో సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో నకలు అడగండి. ఒకవేళ రిజిస్టరులో ఆ నంబరు ఎప్పుడో రద్దయినట్టు రాసి ఉంటే ఇంకో రూపాయి ఖర్చు పెట్టకండి. అలాగే సీ-బుక్‌లో పాత ఫైనాన్సు కంపెనీ పేరు మిగిలి ఉందేమో చూడండి. ఉంటే అప్పు తీరిపోయిందని చెప్పే ఫారం 35 లేకుండా పేరు మారదు.

ఇక తుక్కు సంగతి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లు తిరగకూడదన్న నిషేధం ఢిల్లీ ప్రాంతానికి సంబంధించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగించకూడదన్న నిబంధన ప్రభుత్వ బండ్లకు. ఈ రెండూ కలిసి టీ కొట్ల దగ్గర 'పాత కార్లన్నీ తుక్కుకే' అయిపోయాయి. మన కడపలో సొంత కారు పరీక్షలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తూనే పోవచ్చు. కాకపోతే ఖరీదైంది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో పొడిగింపు ఫీజును 10,000 రూపాయలు చేశారు. గడువు దాటిన ప్రతి నెలకూ 500 చొప్పున ఆలస్య రుసుము, పైన పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్. మీది 2008లో ఆగిపోయిన బండి కాబట్టి మొత్తం ఎంతవుతుందో ముందే కౌంటర్లో లెక్క వేయించుకోండి. మీ 60 వేలలోంచి ఆ మొత్తం పక్కకు తీశాకే స్పానర్ పట్టుకోండి.

ఇక్కడ ఒక పేచీ ఉంది. కాగితాలు ముందు అన్నాను గానీ, పొడిగింపు కావాలంటే ఇన్‌స్పెక్టర్ బండిని చూడాలి, బండి నడవాలి. అందుకే పనిని రెండుగా విడదీసుకోండి. వారసుల సంతకాలు, బ్యాక్‌లాగ్, ఫారం 31కి కావాల్సిన పత్రాలు వీటికి కారుతో పనిలేదు, ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ఆ సంతకాలు చేతికొచ్చాక బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, హారన్, టైర్లు, ఇంజన్. కార్బురేటర్ సరిగ్గా ట్యూన్ చేయించండి, పాత పెట్రోలు కార్లకు పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం లోపు రావాలి. ఇన్‌స్పెక్టర్‌కు కావాల్సింది ఇవే. సీట్ల రెగ్జిన్ చిరిగినా, క్రోమ్ బంపరు మాసినా ఆయనకు పట్టదు. షోకులన్నీ పొడిగింపు అయ్యాక, జీతం మిగిలిన నెలల్లో చేసుకోవచ్చు. రంగు మాత్రం సీ-బుక్‌లో ఉన్నదే వేయించండి. మార్చాలనిపిస్తే దానికీ దరఖాస్తు పెట్టి పుస్తకంలో ఎక్కించుకోవాలి.

మీరే గ్రైండర్ పట్టుకున్నారు కాబట్టి ఇది బాగా గుర్తుంచుకోండి. పద్మినికి వేరే ఛాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే ఛాసిస్. తుప్పు పట్టిన నేల రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేసుకుంటే అది రిపేరు, తప్పేం కాదు. ఛాసిస్ నంబరు కొట్టిన రేకు జోలికి మాత్రం పోకండి. నలభై ఏడేళ్ల తుప్పు కింద ఆ అంకెలు గోరుతో తడిమితే తెలిసేంత పలచగా ఉంటాయి, గ్రైండర్ ఒక్కసారి అటు జారితే ఒక 3 కాస్తా 8లా అయిపోతుంది. అక్కడ కిరోసిన్ గుడ్డ, మెత్తటి బ్రష్ చాలు. శుభ్రం చేశాక పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి, తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి. చెరిగిన నంబరున్న కారును చూస్తే ఇన్‌స్పెక్టర్‌కైనా ఎస్‌ఐకైనా ముందు వచ్చేది దొంగబండి అనుమానమే. అది కాదని నిరూపించుకునే తిప్పలు మీవే.

మారుతీ వ్యాన్ ఇంజన్ వద్దు. మీ మెకానిక్ లెక్క ఖర్చు వరకే చూస్తోంది. సీ-బుక్‌లోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నంగా అయ్యేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అంటోంది. ఈ మాటనే 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు యజమానికి సెక్షన్ 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకు 5,000 చొప్పున జరిమానా, లేదా రెండూ. పద్మినికి పద్మిని ఇంజనే దొరికితే ఆర్టీవో అనుమతితో మార్చుకుని, 14 రోజుల్లో కొత్త ఇంజన్ నంబరు పుస్తకంలో ఎక్కించుకోవచ్చు. ఇంజన్ గుజిరీలో కొన్నా బిల్లు తీసుకోండి, ఇచ్చినవాడి ఆధార్ నకలుతో సహా. బిల్లు లేని ఇంజన్ ఎంత చౌకైనా నాకు నమ్మకం లేదు.

వింటేజ్ సంగతి చెప్పాలంటే మీ కారుకు ఇంకా వయసు రాలేదు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, అంటే 2028 తర్వాతే. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. వ్యాన్ ఇంజన్ పెడితే ఆ తలుపూ మూసుకుపోతుంది. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప రోజూ తిప్పకూడదు. పిల్లలతో ఆదివారం గండికోటకు పోవాలనుకునే మీలాంటివారికి మామూలు రిజిస్ట్రేషనే మేలు.

పేరు మారి, గడువు పొడిగించి, ఇన్సూరెన్సు తీసుకునేదాకా కారును రోడ్డు మీద నడపకండి, 'సందు చివరిదాకా ట్రయలే కదా' అని మెకానిక్ అడిగినా తాళం ఇవ్వకండి. ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారికి 2,000 జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు. జరిమానా చిన్నదే, ఎవరికైనా తగిలితే పరిహారం మీ ఇల్లు అమ్మినా తీరకపోవచ్చు. పద్మిని ఇంజన్ 1089 సీసీ కాబట్టి 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, పైన జీఎస్టీ. పరీక్షకు తీసుకెళ్లేప్పుడు టోయింగ్ బండి మీద ఎక్కించండి. వసారా చాలదని కారును వీధిలో వదిలేయడం కూడా వద్దు. బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన బండిని పోలీసులు లాక్కుపోవచ్చు.

చివరిగా పెయింటరు. చేసిన పనికి కూలి ఇచ్చేదాకా వస్తువును ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 అతనికి ఇస్తోంది. కానీ అది చేసిన పనికి, మాట్లాడుకున్న కూలికే. మధ్యలో పెంచిన రేటుకు కాదు. పని మొదలే పెట్టకపోతే అసలా హక్కే లేదు. మీ దగ్గర కాగితం లేదనుకుంటాను. అడ్వాన్సు ఫోన్‌పేలో పంపారా? వాట్సాప్‌లో రేటు గురించి మెసేజ్ ఉందా? అవే సాక్ష్యం, చెరిపేయకండి. ముందు అతనికి వాట్సాప్‌లోనే మర్యాదగా రాయండి: ఇంతకు మాట్లాడుకున్నాం, ఇంత ఇచ్చాను, ఇంత పని అయింది, మిగతాది ఇచ్చి నా సామాను తీసుకెళ్తాను అని. జవాబు రాకపోతే కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. నాలుగు డోర్లు, ఒక బానెట్ కోసం నన్నడిగితే అంతదూరం అక్కర్లేదు. ప్రొద్దుటూరు కోర్టు దగ్గరున్న మండల న్యాయసేవాధికార కమిటీలో తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. పెయింటరును పిలిపించి ఇద్దరినీ కూర్చోబెడతారు, దానికీ ఫీజు లేదు. అక్కడ లోక్ అదాలత్‌లో రాజీ కుదిరి అవార్డు (తీర్పు) రాస్తే దానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.