పన్నెండు కన్నా తక్కువ గ్రంథులు దొరికాయని కంగారుపడుతున్న చెల్లికి

మీ ఆయన రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ ఆపరేషన్ రిపోర్టు డాక్టర్ మాట్లాడకముందే ఫోన్‌లోకి వచ్చేసిందనీ, అందులో పరీక్షించిన లింఫ్ గ్రంథులు (క్యాన్సర్ పాకిందేమో తెలుసుకోవడానికి చూసే చిన్న గ్రంథులు) 9, క్యాన్సర్ ఉన్నవి 0 అని ఉందనీ రాశావు. కనీసం 12 చూడాలని నెట్‌లో చదివి నిద్ర పట్టలేదన్నావు. ఆ రాత్రి ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. మా ఆయన రిపోర్టులో 8 అని చూసి, సర్జన్ ఏదో వదిలేశారనుకుని తెల్లవారేదాకా ఏడ్చాను.

ఆ 12 లెక్క నిజమే. తక్కువ గ్రంథులు చూసి "క్యాన్సర్ లేదు" అంటే నమ్మకం చాలదని పెట్టుకున్న ప్రమాణం అది. కానీ మీ ఆయనకు ముందే రేడియేషన్, కీమో అయ్యాయి కదా. లింఫ్ గ్రంథులు రేడియేషన్‌కు ఇట్టే కుంచించుకుపోతాయి. పాథాలజిస్ట్ (తీసిన భాగాన్ని ల్యాబ్‌లో పరీక్షించే డాక్టర్) రెక్టమ్ చుట్టూ ఉన్న కొవ్వును సన్నగా కోసి, వేళ్లతో తడుముతూ వాటిని వెతుకుతారు. ఒకటి రెండు మిల్లీమీటర్లకు కుదించుకుపోయినవి ఆ కొవ్వులో చేతికి తగలడమే కష్టం. అందుకే ముందు చికిత్స అయినవాళ్లలో 12 కన్నా తక్కువ రావడం మామూలే. ఆ ఒక్క అంకెను బట్టి ఆపరేషన్ సరిగ్గా జరగలేదనుకోకు.

అలాగని అడగకుండా ఊరుకోకు. కొవ్వును మరోసారి వెతికారా? రెక్టమ్ చుట్టూ ఉన్న కొవ్వు పొర చెక్కుచెదరకుండా పూర్తిగా వచ్చిందా? తీసిన భాగం చుట్టూ కోసిన అంచుకూ క్యాన్సర్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ ఎడం ఉందా? నా దృష్టిలో గ్రంథుల లెక్కకన్నా ఈ చివరి రెండింటి జవాబులే ముఖ్యం.

రిపోర్టులో స్టేజి ముందు వై (y) అనే అక్షరం ఉంటే, అది చికిత్స తర్వాత వేసిన స్టేజి అని అర్థం. గ్రంథిలో మచ్చ కణజాలమో, కణాలు లేని జిగురు పదార్థమో ఉందని రాస్తే హడలిపోకు. బతికున్న క్యాన్సర్ కణాలు లేకపోతే దాన్ని క్యాన్సర్ ఉన్న గ్రంథిగా లెక్కించరు.

ఆపరేషన్‌కు ముందు ఎంఆర్‌ఐలో గ్రంథులు బాగున్నాయన్నారని, తర్వాత పాథాలజీలో వేరేగా వచ్చిందని ఇంకొకరు అడిగారు. చికిత్స తర్వాత అడ్డంగా 5 మిల్లీమీటర్ల లోపు ఉన్న గ్రంథిని సాధారణంగా మంచిదనే అనుకుంటారు, అయితే చిన్న కణాల గుంపులు స్కాన్‌కు చిక్కవు. కటి (నడుము కింది ఎముకల గూడు) పక్క గోడల దగ్గరి గ్రంథుల సంగతి వేరు. మామూలు ఆపరేషన్‌లో అవి బయటికి రావు. మొదటి ఎంఆర్‌ఐలో అక్కడ పెద్దవి కనిపించాయేమో తప్పకుండా అడుగు.

అపాయింట్‌మెంట్ పెట్టుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని చెప్పు, చాలాచోట్ల ఫోన్ మీదైనా ఏర్పాటు చేస్తారు. పిల్లల చేత మాత్రం చెప్పించకు, ఆ మాటలు వాళ్లు మోయలేరు. చికిత్సకు ముందు, తర్వాత తీసిన ఎంఆర్‌ఐ రిపోర్టులు రెండూ వెంట తీసుకెళ్లు. పాథాలజీ రిపోర్టు పక్కన పెట్టి, మూడూ కలిపి చదివి చెప్పమను.