ఇంజిన్ దించే ముందు ఆ టిక్ టిక్ ఎక్కడిదో తేల్చుకో

గాజువాక

అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు కొన్న సెకండ్ హ్యాండ్ డీజిల్ లోడు బండి వీడియో వాట్సాప్‌లో పంపావు కదా, దాన్ని ఇయర్‌ఫోన్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ విన్నాను. బాడీ గట్టిగా ఉంది, టైర్లు బాగున్నాయి, ఇంజిన్‌లో మాత్రం ఆ టిక్ టిక్ నిజంగానే ఉంది. మెకానిక్ వినీ వినగానే "ఇంజిన్ దించాల్సిందే" అన్నాడని, అప్పటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. టెన్షన్ పడకు, కానీ నేను చెప్పేవరకు ఎవరినీ స్పానర్ పెట్టనివ్వకు. టిక్‌మని సన్నగా కొట్టే శబ్దాలు చాలావరకు పైన హెడ్ (సిలిండర్ల మీద మూతలా ఉండే భాగం) దగ్గరో, సైలెన్సర్ గొట్టం మొదట్లోనో పుడతాయి. అవి పెద్ద ఖర్చు లేకుండా పోతాయి. కొంప ముంచే జబ్బు కింద క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) దగ్గర ఉంటుంది, దాని గొంతే వేరు. ఏది ఎక్కడిదో తేలకుండా విప్పిస్తే విప్పిన కూలీ పోతుంది, బిగించాక ఆ శబ్దం మళ్ళీ వినిపిస్తుంది.

ముందు ఆయిల్ చూడు. బండి సమంగా ఉన్న నేల మీద పెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడు. లెవెల్ తక్కువైతే పైన రాకర్ల (వాల్వులని నొక్కి తెరిచే మీటలు) వరకు ఆయిల్ సరిగా అందదు, టిక్ మొదలవుతుంది. లెవెల్ పై గీత దాటి ఉండి, ఆయిల్ నీళ్ళలా జారుతూ డీజిల్ వాసన వస్తుంటే, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరో, డీజిల్ పంపో ఆయిల్‌లోకి డీజిల్ వదులుతోందన్నమాట. అలాంటి ఆయిల్‌తో బండి నడపకూడదు, బేరింగులు పోతాయి. ఇంకో సంగతి. సెకండ్ హ్యాండ్ బండి అమ్మేవాళ్ళలో కొందరు శబ్దం వినపడకుండా మామూలు కంటే చిక్కటి ఆయిల్ పోసి పెడతారు. అందుకని ఓనర్ పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయించు. అప్పుడు వినిపించేదే ఇంజిన్ అసలు శబ్దం. తీసిన పాత ఫిల్టర్‌ని పారేయనివ్వకు. దాన్ని కోయించి లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడు. నల్లటి మసి ఉంటే ఫరవాలేదు. మెరిసే రేకు ముక్కల్లాంటివి కనిపిస్తే ఒక అయస్కాంతం దగ్గర పెట్టు. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులోనో సీసం రంగులోనో మెరుస్తుంటే అది బేరింగ్ పొర కావచ్చు. అలా కనిపిస్తే బండి కదపకుండా నాకు ఫోన్ చెయ్యి.

తర్వాత, శబ్దం ఎప్పుడు వస్తోందో చూడాలి. రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే నువ్వే సెల్ఫ్ కొట్టి విను. మొదటి కొన్ని సెకన్లు టిక్‌మని ఆగిపోతే, రాత్రి కిందికి దిగిన ఆయిల్ మళ్ళీ పైకి ఎక్కేవరకు వచ్చే శబ్దం అది, దాని గురించి బెంగ వద్దు. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా వచ్చి, వేడెక్కుతున్నకొద్దీ సన్నబడి పోతే ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) లీకు అయ్యే అవకాశం ఎక్కువ, లేదంటే అరిగిన పిస్టన్ సిలిండర్ గోడకి తగలడం. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకేలా కొడితే ట్యాపెట్ల (వాల్వులని కదిలించే భాగాల) వైపు చూడాలి. వేడెక్కాక, ఆయిల్ పలచబడ్డాక మొదలై పెరిగితే మాత్రం అది మంచి సూచన కాదు. బండి చూడ్డానికి నువ్వు వెళ్ళినప్పుడు ఇంజిన్ అప్పటికే వేడిగా ఉందన్నావు కదా, అందుకే ఇవేవీ నీకు తెలియలేదు.

ఎగ్జాస్ట్ లీకు సంగతి కాస్త వివరంగా చెప్తాను, మన ఊరికి ఇది బాగా పట్టే జబ్బు. సముద్రపు గాలి, ఉప్పు తేమ. పైగా ఆ బండి అంతకుముందు ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడు తోలిందన్నావు, ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ఛాసిస్ అంతా కారి ఉంటాయి. మానిఫోల్డ్‌ని, అంటే పొగ బయటికి పోయే మొదటి గొట్టాన్ని, హెడ్‌కి పట్టి ఉంచే స్టడ్లు (బోల్టులు) తుప్పు పట్టి ఒకటో రెండో విరిగినా, అతుకులో ఉండే గాస్కెట్ రేకు ఒక మూల కాలినా, ఆ సందులోంచి గాలి టక్ టక్‌మని తన్నుకొస్తుంది. వినేవాళ్ళకి అచ్చం ట్యాపెట్ శబ్దమే అనిపిస్తుంది. ఇంజిన్ బాగా చల్లారాక టార్చ్ వేసి మానిఫోల్డ్ అతుకు వెంబడి చూడు. లీకు ఉన్నచోట ఆ ఇనుము మీద నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంటుంది. కనపడకపోతే ఒక అగరుబత్తి వెలిగించి, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి, ఆ అతుకు పక్కనే నెమ్మదిగా జరుపు. లీకు దగ్గర పొగ తిన్నగా లేవకుండా టిక్ పడ్డప్పుడల్లా పక్కకి కొట్టుకుంటుంది. డీజిల్ కారుతున్న బండి దగ్గర మాత్రం నిప్పు పెట్టకు, అక్కడ కంటితో చూసి ఊరుకో. లీకే అయితే హనుమంతవాక ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు పడేకొద్దీ శబ్దం బలంగా వినిపిస్తుంది. గాస్కెట్, స్టడ్లు మార్చడమే దానికి మందు. విరిగిన స్టడ్ తీయడానికి ఓపిక కావాలి, తొందరపడి సుత్తితో కొట్టేవాడికి ఇవ్వకు.

ఇంజెక్టర్ కింద రాగి వాషర్ లీకైనా ఇలాంటి శబ్దమే. టిక్‌తో పాటు చఫ్ చఫ్‌మని గాలి కలుస్తుంది, ఇంజెక్టర్ మొదట్లో తారులాంటి నల్లటి మడ్డి పేరుకుంటుంది. సబ్బు నీళ్ళు కొద్దిగా పోస్తే బుడగలొస్తాయి. నీది కామన్ రైల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి బాగా ఒత్తిడితో డీజిల్ అందే రకం) కాబట్టి ఒక మాట గట్టిగా చెప్తున్నాను. పాత బండ్లకి చేసినట్టు ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఆ పైపులో డీజిల్ ఒత్తిడి 1000 బార్ దాటుతుంది. సన్నటి ధార తగిలినా చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది గానీ లోపల కండ పాడైపోతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే కె.జి.హెచ్. ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఒక్కో సిలిండర్ ఆపి వినాలంటే ఇంజిన్ కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ ఉన్న షాపులో చేయించు. ఒక సిలిండర్ ఆపగానే శబ్దం తగ్గితే అది ఆ సిలిండర్ ఇంజెక్టర్‌దో, పిస్టన్ పిన్నుదో, రాడ్ బేరింగుదో. ఏది ఆపినా శబ్దంలో తేడా లేకపోతే ట్యాపెట్ల మీదే అనుమానం.

చోటు పట్టుకోవడానికి పొడుగాటి స్క్రూ డ్రైవర్ చాలు. మొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవి ముందు ఎముకకి ఆనించు. ట్యాపెట్ కవర్ మీద ఒక్కో సిలిండర్ దగ్గర, తర్వాత బ్లాకు పక్కన, చివర కింద ఆయిల్ సంపు (ఆయిల్ నిలిచే తొట్టి) మీద పెట్టి విను. ఎక్కడ గట్టిగా వినిపిస్తే ఆ చుట్టుపక్కలే పుడుతోంది. మెడలో తువ్వాలు, వేలాడే చొక్కా చేతులు లేకుండా చూసుకో, ఫ్యాను పక్కనే తిరుగుతుంటుంది. ఫోన్‌లో రికార్డు చేసి వేగం తగ్గించి విన్నా ఉపయోగమే. వాల్వులని తెరిపించే క్యామ్‌షాఫ్ట్ క్రాంకు వేగంలో సగమే తిరుగుతుంది. ఐడిలింగ్‌లో క్రాంకు నిమిషానికి 800 సార్లు తిరిగితే ఒక వాల్వు 400 సార్లే తెరుచుకుంటుంది. అందుకే ఒక్క ట్యాపెట్ శబ్దం చేస్తే, నాలుగు సిలిండర్ల మోతలో నాలుగింటికి ఒక దెబ్బ విడిగా వినిపిస్తుంది.

ట్యాపెట్లే అని తేలితే, మీ ఇంజిన్‌కి రాకర్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్ సెట్ చేసే స్క్రూలున్నాయో, తమంతట తామే సర్దుకునే హైడ్రాలిక్‌వో ముందు పుస్తకంలో చూడు. హైడ్రాలిక్ అయితే మంచి ఆయిల్ వేసి కొన్నాళ్ళు నడిపి చూడాలి, తగ్గకపోతే మార్చాలి. స్క్రూ ఉంటే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పని. నాలుగో సిలిండర్ రాకర్లు రెండూ ఒకేసారి కదిలే చోట క్రాంకు ఆపితే ఒకటో సిలిండర్ వాల్వులు రెండూ మూసి ఉంటాయి, అప్పుడు దాన్ని సెట్ చెయ్యాలి. అలాగే ఒకటి కదిలితే నాలుగు, మూడు కదిలితే రెండు, రెండు కదిలితే మూడు. పుస్తకంలో ఇచ్చిన మందం రేకు ఆ సందులో పెట్టి లాగితే, వేళ్ళకి కొంచెం పట్టు తగులుతూ జారి రావాలి. శబ్దం పూర్తిగా పోవాలని గ్యాప్ ఇంకా బిగించేవాళ్ళున్నారు. అస్సలు ఒప్పుకోకు. వదులైన వాల్వు టిక్‌మంటుంది అంతే. బిగిసిన వాల్వు సరిగా మూసుకోదు, మూతి కాలిపోతుంది, తర్వాత హెడ్ దించక తప్పదు.

బెల్టులు, పుల్లీలు, ఆల్టర్నేటర్ వెనక వ్యాక్యూమ్ పంపు కూడా ఒక్కోసారి ఇలాగే మోత చేస్తాయి. బయటి ఫ్యాను బెల్టు తీసి నిమిషం లోపే నడిపి, శబ్దం పోయిందో లేదో చూడొచ్చు. వాటర్ పంపు ఆగిపోతుంది కాబట్టి అంతకు మించి నడపకూడదు. వ్యాక్యూమ్ పంపు కూడా ఆగి, బ్రేకుకి బలమిచ్చే బూస్టరు పని చేయదు కాబట్టి బండి కదపకూడదు.

ఇక భయపడాల్సిన శబ్దం ఒకటే. టిక్‌మని కాదు, ధన్ ధన్‌మని బరువుగా, కింద సంపు వైపు నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ కొంచెం రైజ్ చేసి వదిలిన క్షణంలో ఇంకా స్పష్టంగా కొడుతుంది. అది వినిపించినా, ఆయిల్ లైటు వెలిగినా, ఆ క్షణమే ఇంజిన్ ఆపెయ్యి. షాపు దాకా తోలుకెళ్దాం అనుకోకు, తాడు కట్టించి లాగించు. తొందరగా పట్టుకుంటే బేరింగులతో పోతుంది. ఇంకో లోడు వేద్దామనుకుంటే క్రాంకు గీతలు పడి గ్రైండింగ్‌కి వెళ్తుంది, రాడ్ తెగితే బ్లాకే పగులుతుంది. నీ వీడియోలో నాకు ఆ శబ్దం వినపడలేదు, కానీ ఫోన్‌లో బరువు శబ్దాలు సరిగా పట్టవు.

కాబట్టి ఆదివారం పొద్దున్న నేనే వస్తాను. శనివారం సాయంత్రం బండి పెట్టాక మళ్ళీ స్టార్ట్ చెయ్యకు, ఎవరైనా పక్కకి తియ్యమన్నా వద్దు. ఆటోనగర్‌లో మీ ఇంజిన్ నంబరు చూపించి ట్యాపెట్ కవర్ గాస్కెట్ ఒకటి కొని ఉంచు, పాతది విప్పితే మళ్ళీ పనికిరాదు. ఫీలర్ గేజ్, స్క్రూ డ్రైవర్ నేను తెస్తాను. ఆ రెండు రోజుల లోడు వేరే బండికి ఇచ్చెయ్యి, బేరం పోయిందని బాధపడకు.

ఉంటాను,
మీ మావయ్య